లెక్కలోకి రాని పొయ్యి పొగ

వైద్యవృత్తిలో అడుగుపెట్టిన తొలి సంవత్సరాలలో నేను ఉత్తరాంధ్రలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేశాను. చలికాలం వచ్చేసరికి మగవారి వార్డుతో సమానంగా ఆడవారి వార్డు కూడా దగ్గు, ఆయాసాలతో నిండిపోయేది. నీలిబారిన పెదవులు, ఉబ్బిన మెడ సిరలు, వాచిన పాదాలు కనిపించేవి. దీర్ఘకాలిక శ్వాసవ్యాధి ముదిరి, దాని భారం గుండె కుడిభాగం మీద పడినప్పుడు కలిగే లక్షణాలు అవి. రోగచరిత్ర రాసుకుంటూ అందరినీ అడిగినట్లే వారినీ అడిగేవాడిని: “చుట్ట కాలుస్తావా అమ్మా?” ఆ తీరప్రాంతంలో అడ్డచుట్ట కాల్చే స్త్రీలు ఉన్నారు కనుక అది అడగవలసిన ప్రశ్నే. కాని చాలామంది “నేదు బాబూ” అనేవారు. ‘పొగ అలవాటు లేదు’ అని రాసి నేను తరువాతి మంచం వద్దకు వెళ్లేవాడిని.

“మీ ఇంట వంట దేనిమీద చేస్తారు? పొయ్యి ఎక్కడ ఉంది?” అని అడగాలని నాకు ఎవరూ చెప్పలేదు, నా అంతట నాకు తోచనూ లేదు. మా ఇంటి వంటగది గోడలు మసితో నల్లబడి ఉండేవి. మా నాయనమ్మ పచ్చికట్టెలను గొట్టంతో ఊదుతూ పమిటచెంగుతో కళ్లు తుడుచుకోవడం నేను ప్రతి ఉదయం చూసినదే. అయినా తోచలేదు.

ఈ లోపం నా ఒక్కడిదే అయితే ఇక్కడ రాయవలసిన పని లేదు. నగరాల గాలి చరిత్రను చదివే కొద్దీ నాకు తెలిసివచ్చినదేమంటే, రాజులూ శాసనకర్తలూ పండితులూ వైద్యులూ కొన్ని శతాబ్దాలపాటు ఇదే పొరపాటు చేశారు. కర్మాగారపు పొగను చూశారు, ఇంటి పొయ్యిని మినహాయించారు. ఆ మినహాయింపు మొదట ఎక్కడ రూపుదిద్దుకున్నదో, దానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో, ఎలా తొలగిందో తెలుసుకోవడానికి లండన్ నగరాన్ని మించిన ఉదాహరణ లేదు.

కట్టెల నుంచి బొగ్గుకు

మధ్యయుగంలో లండన్ ఇళ్లలో కట్టెలే కాల్చేవారు. ఈశాన్య తీరం నుంచి ఓడలలో వచ్చే బొగ్గును ‘సముద్రపు బొగ్గు’ అనేవారు. దానిని ఎక్కువగా సున్నపు బట్టీలవారు, కమ్మరులు వాడుకునేవారు. ఆ పొగ మీద ఫిర్యాదులు చాలా పాతవి. 1257లో మూడవ హెన్రీ రాణి ఎలినార్ నాటింగ్‌హామ్ పట్టణంలో బొగ్గు పొగను భరించలేక మరొక చోటికి తరలిపోయింది. 1285లో లండన్ సున్నపు బట్టీల పొగపై విచారణ సంఘాన్ని నియమించారు. 1307లో మొదటి ఎడ్వర్డ్ రాజు బట్టీలలో ఆ బొగ్గు వాడరాదని ఆజ్ఞాపించాడు. ఆజ్ఞ కాగితం మీదనే మిగిలింది.

పదహారవ శతాబ్దంలో నగరం పెరిగింది. చుట్టుప్రక్కల అడవులు తరిగి కట్టెల ధర పెరిగింది. ధనికులు కట్టెలు కొనగలిగినంత కాలం కొన్నారు. పేదలు ముందుగా బొగ్గుకు మారారు, తరువాత అందరూ మారారు. బొగ్గు పొగ కట్టెల పొగ కంటే ఘాటైనది కనుక గది మధ్యలో మండే పాత పొయ్యి పనికిరాలేదు. గోడలోనికి కట్టిన పొయ్యి, దానిపై ఇటుకల పొగగొట్టం తప్పనిసరి అయ్యాయి. 1577లో విలియం హారిసన్ అనే రచయిత తన ఊరి వృద్ధులు ఆశ్చర్యంతో చెప్పుకునే మార్పులలో పొగగొట్టాల పెరుగుదలను ఒకటిగా నమోదు చేశాడు.

పొగగొట్టం ఇంటివారికి మేలే చేసింది. గదిలోని పొగ బయటకు పోయింది. అయితే అది పోయినది వీధిలోకి. 1600 నాటికి సుమారు 2 లక్షలుగా ఉన్న లండన్ జనాభా 1700 నాటికి 5 లక్షలు దాటింది. ప్రతి ఇంటివారూ తమ గది పొగను బయటకు పంపుతున్నప్పుడు, ఆ బయట అన్నది అందరూ పీల్చే గాలి అయింది.

పన్నుకు లెక్కించారు, పొగకు లెక్కించలేదు

1661లో జాన్ ఎవెలిన్ అనే విద్వాంసుడు లండన్ పొగపై ‘ఫ్యూమిఫ్యూజియం’ అనే చిన్న పుస్తకం రాసి రెండవ చార్లెస్ రాజుకు సమర్పించాడు. గాలి కాలుష్యంపై వచ్చిన తొలి గ్రంథాలలో అది ఒకటి. పొగ వలన దగ్గు, క్షీణత కలుగుతాయని, బట్టలు, భవనాలు, తోటలు పాడవుతాయని ఆయన చక్కగా గుర్తించాడు. బీరు కాచేవారు, అద్దకపువారు, సున్నం కాల్చేవారు, సబ్బు వండేవారు దీనికి కారకులనీ, వారిని నగరం వెలుపలికి పంపాలనీ, నగరం చుట్టూ సువాసనగల మొక్కలు నాటాలనీ సూచించాడు. వంటింటి మంటల సంగతి? అవి బలహీనమైనవనీ, వాటి పొగ గాలిలో చెదరిపోతుందనీ చెప్పి విడిచిపెట్టాడు. ఇంటి పొయ్యికి దొరికిన తొలి స్పష్టమైన మినహాయింపు ఇదే.

ఆ మరుసటి సంవత్సరమే, 1662లో, ఇంగ్లండు పార్లమెంటు పొయ్యి పన్ను విధించింది. పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగులు. వసూలు చేసేవారు ఇంటింటికీ వెళ్లి పొయ్యిలు లెక్కపెట్టారు. అదే 1662లో జాన్ గ్రాంట్ లండన్ మరణాల పట్టికలను పరిశీలించి, గణాంకశాస్త్రానికి పునాది అనదగిన పుస్తకాన్ని ప్రచురించాడు. బొగ్గు వాడకం సర్వసాధారణమైన తరువాత లండన్ మునుపటికంటే అనారోగ్యకరమైనదని అందులో అభిప్రాయపడ్డాడు. పొయ్యిల లెక్క ఒక కార్యాలయంలో, మరణాల లెక్క మరొక పుస్తకంలో ఉన్నాయి. ఆ రెండింటినీ ఒకచోట చేర్చడానికి దాదాపు 3 శతాబ్దాలు పట్టింది.

చట్టాలు వచ్చాయి, ఇళ్లు మినహాయింపు

పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభంలో లండన్ జనాభా సుమారు 10 లక్షలు. ఆ శతాబ్దం ముగిసేనాటికి శివార్లతో కలిపి 60 లక్షలు దాటింది. 1853లో లండన్ పొగ నివారణకు చట్టం వచ్చింది. అది ఆవిరియంత్రాల కొలుములకు, థేమ్స్ నది మీది ఆవిరి పడవలకు వర్తించింది. 1875 నాటి ప్రజారోగ్య చట్టం ‘నల్లని పొగ’ను నేరం చేసింది, కాని నివాసగృహాల పొగగొట్టాలను మినహాయించింది. 1880లో రోలో రస్సెల్ అనే వాతావరణ పరిశీలకుడు ‘లండన్ మంచుపొగలు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం రాసి, అసలు దోషి ఇంటి పొయ్యేనని వాదించాడు. ఇళ్లను కూడా చట్టం పరిధిలోకి తేవాలని ఆ దశకంలో వచ్చిన ప్రతిపాదనలు నెగ్గలేదు. 1926లో చట్టాన్ని సవరించినప్పుడు కూడా ఇళ్లకు మినహాయింపు కొనసాగింది.

ఎందుకు? ఒక కారణం రాజకీయం. కర్మాగారాలు వందల్లో ఉంటాయి, ఇళ్లు లక్షల్లో ఉంటాయి, ఇళ్లలో ఓటర్లుంటారు. రెండవది ఆర్థికం. బొగ్గు కాల్చవద్దంటే పేదలు చలికి ఏమి చేయాలి? మూడవది మమకారం. ఆంగ్లేయులకు ఎర్రగా మండే పొయ్యి ముందు కుటుంబమంతా కూర్చోవడమే ఇల్లు అన్న భావన. ప్రసిద్ధ రచయిత జార్జ్ ఆర్వెల్ 1945లో అటువంటి తెరచిన పొయ్యిని సమర్థిస్తూ ఒక వ్యాసమే రాశాడు. ఆయన క్షయవ్యాధితో 1950లో లండన్‌లోనే మరణించాడు. క్షయకు కారణం సూక్ష్మజీవే, పొగ కాదు. కాని తన ఊపిరితిత్తులు అంత బలహీనంగా ఉన్న మనిషి కూడా ఆ మంటను ప్రేమించగలిగాడన్నది గమనించవలసిన సంగతి.

వైద్యులలో కొందరు మేల్కొన్నారు. పొగ సూర్యరశ్మిని అడ్డుకుంటుంది. ఎముకలు వంగిపోయే రికెట్స్ వ్యాధి ఇంగ్లండు నగరాల పిల్లలలో విస్తారంగా ఉండేది. ఎండ బాగా కాసే దేశాలలో ఆ వ్యాధి అరుదని, సూర్యరశ్మి లేమియే దానికి కారణమని థియోబాల్డ్ పామ్ అనే వైద్యుడు 1890లో రాశాడు. విటమిన్ డి కనుగొనడానికి 30 సంవత్సరాల ముందు మాట ఇది. పొగను, మంచును కలిపి ‘స్మాగ్’ అనే మాటను 1905లో ప్రచారంలోకి తెచ్చిన హెన్రీ డెవో కూడా వైద్యుడే.

ఐదు రోజులు

1952 డిసెంబరు 5, శుక్రవారం. లండన్ మీద గాలి కదలిక ఆగిపోయింది. సాధారణంగా నేలకు దగ్గరగా ఉన్న వెచ్చని గాలి పైకి లేచి, తనతో పొగను తీసుకుపోతుంది. కొన్ని చలి రోజులలో దీనికి భిన్నంగా క్రింద చల్లని గాలి, పైన వెచ్చని గాలి నిలుస్తాయి. కుండ మీద మూకుడు బోర్లించినట్లు పై పొర క్రింది పొరను కదలనీయదు. దీనిని ఉష్ణోగ్రతా విలోమం అంటారు. చలికి ప్రజలు పొయ్యిలలో మరింత బొగ్గు వేశారు. ఆ పొగ ఆ మూకుడు క్రిందనే నిలిచిపోయింది.

అది మేలిరకం బొగ్గు కూడా కాదు. యుద్ధానంతరం అప్పులలో ఉన్న బ్రిటన్ మంచి బొగ్గును ఎగుమతి చేసేది. ఇళ్ల కొరకు ‘నటీ స్లాక్’ అనే నాసిరకపు నలుసుబొగ్గును సరిగ్గా ఆ డిసెంబరు 1 నుంచి రేషను లేకుండా అమ్మనిచ్చింది. గదిలో తెరచి ఉన్న పొయ్యిలో మంట వేడి తక్కువ. అందుచేత బొగ్గులోని తారు పూర్తిగా మండక మసిగా బయటకు వస్తుంది. బొగ్గులోని గంధకం సల్ఫర్ డయాక్సైడ్ వాయువుగా మారి, మంచు బిందువులలో కరిగి గంధకామ్లమవుతుంది. కర్మాగారపు పొగగొట్టం ఎత్తైనది. ఇంటి పొగగొట్టం మనుషులు ఊపిరి పీల్చే ఎత్తుకు దగ్గరగా ఉంటుంది.

ఐదు రోజులు నగరం చీకటిలో మునిగింది. పట్టపగలు బస్సుల ముందు దీపం పట్టుకుని మనుషులు నడిచారు. పశువుల ప్రదర్శనకు తెచ్చిన ఆవులు కొన్ని ఊపిరాడక చనిపోయాయి. ఒక నాటకశాలలో ప్రేక్షకులకు వేదిక కనిపించక సంగీతరూపకం మధ్యలో ఆపివేశారు. కాని మనుషుల మరణాలు అప్పుడు ఎవరి కంటికీ పెద్దగా కనబడలేదు. ఎందుకంటే వృద్ధులు, పసిపిల్లలు, ముందే శ్వాసనాళికల వ్యాధి, గుండెజబ్బు ఉన్నవారు ఎవరి ఇంట వారు, ఎవరి పడక మీద వారు చనిపోయారు. మరణాల పట్టికలు చేతికి వచ్చిన తరువాతనే విషయం బయటపడింది. మామూలు కంటే సుమారు 4,000 మంది ఎక్కువగా మరణించారు. తరువాతి నెలలలోనూ మరణాలు ఎక్కువగానే ఉండగా ప్రభుత్వం ఇన్‌ఫ్లుయెంజాను కారణంగా చూపింది. దాదాపు 50 సంవత్సరాల తరువాత ఆ లెక్కలను మళ్లీ పరిశీలించిన శాస్త్రజ్ఞులు మొత్తం సుమారు 12,000 అని అంచనా వేశారు.

మినహాయింపు తొలగిన రోజు

1953లో హ్యూ బీవర్ అధ్యక్షతన నియమించిన సంఘం 1954లో తుది నివేదిక ఇచ్చింది. దేశంలోని బొగ్గు పొగలో దాదాపు సగం ఇంటి పొయ్యిల నుంచే వస్తున్నదని ఆ నివేదిక తేల్చింది. ఇళ్లలో కాలే బొగ్గు దేశం మొత్తం వాడకంలో ఐదవ వంతుకు మించకపోయినా, పొగలో సగం వాటిదే. 1956 జూలైలో స్వచ్ఛమైన గాలి చట్టం ఆమోదం పొందింది. తొలిసారిగా నివాసగృహాలు చట్టం పరిధిలోకి వచ్చాయి.

ఆ చట్టంలో నన్ను ఆకట్టుకున్నది నిషేధం కాదు. నిషేధం ఎడ్వర్డ్ రాజు కూడా విధించాడు. ఈ చట్టం పొగ నియంత్రణ ప్రాంతాలను ప్రకటించడంతో ఆగక, ఇంటి పొయ్యిని మార్చుకోవడానికయ్యే ఖర్చులో 10కి 7 వంతులు ప్రజాధనం నుంచి చెల్లించింది. పొగరాని కోక్, గ్యాసు, విద్యుత్తు అందుబాటులోకి తెచ్చింది. ‘నీ పొయ్యి అందరికీ హాని చేస్తున్నది, కనుక దానిని మార్చే భారాన్ని అందరమూ మోస్తాము’ అన్నది అందులోని న్యాయం.

ఫలితం ఒక్క రోజులో రాలేదు. బొగ్గుగనుల ప్రాంతాలలో కార్మికులకు బొగ్గు చౌకగా దొరికేది కనుక అక్కడ మార్పు చాలా ఆలస్యమైంది. 1962 డిసెంబరులో లండన్‌లో మళ్లీ మంచుపొగ క్రమ్మి సుమారు 700 మంది మరణించారు. 1965లో ఉత్తర సముద్రంలో సహజవాయువు బయటపడింది. 1967 నుంచి 1977 వరకు దేశంలోని గ్యాసు పొయ్యిలన్నిటినీ దానికి అనుగుణంగా ఉచితంగా మార్చారు. క్రమేణా మసి తొలగింది. అయితే విద్యుత్ కేంద్రాల ఎత్తైన గొట్టాల నుంచి గంధకం దూరదేశాలకు పోయి, స్కాండినేవియా సరస్సులపై ఆమ్లవర్షంగా కురిసింది. పొగగొట్టం ఇంటి పొగను వీధికి నెట్టినట్లే, ఇది నగరపు పొగను పొరుగు దేశానికి నెట్టింది.

మన దేశానికి వచ్చిన మినహాయింపు

ఇంగ్లండు చట్టాలతో పాటు ఆ మినహాయింపు కూడా ఓడ ఎక్కి మన దేశానికి వచ్చింది. కలకత్తా పొగను అదుపు చేయడానికి 1905లో బెంగాల్ పొగ ఉపద్రవ చట్టం చేశారు. ‘కొలిమి’ అంటే ఏమిటో ఆ చట్టం నిర్వచిస్తూ రెండింటిని వదిలివేసింది. ఒకటి శవదహనానికి వాడే మంట, రెండవది ఇంటి పొయ్యి.

వైద్యరంగంలో ఈ మౌనాన్ని ఛేదించిన వారిలో డాక్టర్ ఎస్. పద్మావతి గారిని ముందుగా స్మరించుకోవాలి. ఢిల్లీలో ఊపిరితిత్తుల వ్యాధి వలన గుండె కుడిభాగం విఫలమైన 127 మంది రోగులపై ఆమె, సహచరుడు 1959లో పరిశోధనాపత్రం ప్రచురించారు. ధూమపానం అంతగా లేని స్త్రీలలోనూ ఈ వ్యాధి అధికంగా కనిపించడం వారిని ఆలోచింపజేసింది. వంటపొగను వారు అనుమానించారు. నేను వార్డులో ‘పొగ అలవాటు లేదు’ అని రాసుకుంటున్న నాటికే ఆ పత్రం వెలువడి చాలా సంవత్సరాలైంది. నేను చదవలేదు.

1981లో కిర్క్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు, భారతీయ సహచరులు గుజరాత్ గ్రామాలలో వంట చేస్తున్న స్త్రీల ఒంటికి పరికరాలు తగిలించి వారు పీల్చే గాలిని కొలిచారు. ఘనపు మీటరు గాలిలో 6 మిల్లీగ్రాములకు పైగా ధూళికణాలు తేలాయి. ఏ నగరపు వీధిలోనూ ఊహించని మోతాదు అది. తరువాత జరిగిన పరిశోధనలు ఇంకొక మెట్టు ఎక్కాయి. 2015 నాటి లెక్కల ప్రకారం, మన దేశంలో బయటి గాలిలోని అతిసూక్ష్మకణాల వలన కలిగే మరణాలలో సుమారు నాలుగవ వంతుకు ఇళ్లలో కట్టెలు, పిడకలు మండించడమే మూలం. ఎవెలిన్ చెప్పినట్లు వంటింటి పొగ చెదరిపోయి మాయం కాలేదు. అది ఊరి గాలిలో, తరువాత నగరపు గాలిలో కలుస్తున్నది.

మన ప్రాంతంలో 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం ద్వారా పేద స్త్రీలకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చింది. 2016లో కేంద్రప్రభుత్వం ఉజ్వల పథకం ప్రారంభించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 58.6 శాతం కుటుంబాలు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ సగటు కంటే ఎంతో ముందున్నాయి. ఇది సంతోషించదగిన సంగతి. కాని కనెక్షన్ ఉండటం వేరు, సిలిండరు అయిపోయినప్పుడు మరొకటి కొనగలగడం వేరు. మూలన ఖాళీ బండ, పెరట్లో మండే పొయ్యి రెండూ ఉన్న ఇళ్లు నేను స్వయంగా చూశాను.

నగరాలలో ఇంకొక దృశ్యం ఉంది. ఇరవై అంతస్తుల భవనం పైకి లేస్తున్న చోట, దాని పాదాల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కూలీలు విరిగిన సెంట్రింగు చెక్కలు, ప్లైవుడ్ ముక్కలు మండించి వండుకుంటారు. జిగురు, రంగు అంటిన ఆ చెక్కల పొగ మామూలు కట్టెల పొగ కంటే హానికరం. ఆ షెడ్డులో ఒక పసిబిడ్డ నిద్రపోతూ ఉంటుంది. హైదరాబాదులోనూ చలికాలపు రాత్రులలో ఉష్ణోగ్రతా విలోమం ఏర్పడుతుంది. ఆ పొగ పై అంతస్తులవారి కిటికీలనూ చేరుతుంది.

చేయదగినవి

కట్టెలపొయ్యి తప్పనివారు దానిని ఆరుబయట గాని, గాలి ఎదురుగా వచ్చిపోయే చోట గాని పెట్టుకోవాలి. బాగా ఎండిన కట్టెలే వాడాలి. ప్లాస్టిక్, రంగువేసిన చెక్క, ప్లైవుడ్ మండించకూడదు. చంటిబిడ్డను చంకన పెట్టుకుని వంట చేయడం మానాలి. పొయ్యి పొగ పసిపిల్లలలో న్యుమోనియాకు ముఖ్యకారణాలలో ఒకటి. గ్యాసు మంట నుంచి కూడా నైట్రోజన్ డయాక్సైడ్ వెలువడుతుంది కనుక వంట సమయంలో కిటికీ తెరవండి, గాలి బయటకు లాగే పంకా ఉంటే వేయండి. ఏళ్ల తరబడి కట్టెలపొయ్యి మీద వండిన స్త్రీకి రెండు వారాలకు మించి దగ్గు గాని, మెట్లెక్కితే ఆయాసం గాని ఉంటే, చుట్ట, బీడీ అలవాటు లేకపోయినా సరే, క్షయ కొరకు కఫపరీక్ష, ఊపిరి సామర్థ్యాన్ని తెలిపే స్పైరోమెట్రీ పరీక్ష చేయించాలి.

యువవైద్యులకు నా విన్నపం ఒకటే. రోగచరిత్రలో ‘ధూమపానం’ అన్న మాట క్రింద ‘వంట ఇంధనం’ అని ఇంకొక పంక్తి చేర్చండి.

పాఠకులలో చాలామంది ఇళ్లలో గ్యాసు, విద్యుత్తు పొయ్యిలే ఉంటాయి. మీ ఇంట పనిచేసే ఆమెను ఒకసారి అడగండి: “అమ్మా, మీ ఇంట వంట దేనిమీద చేస్తావు?” సిలిండరు కొనలేక కట్టెలు వాడుతున్నానంటే, ఏడాదికి రెండో మూడో సిలిండర్ల ఖర్చు మీరు భరించగలరేమో ఆలోచించండి. నేను వార్డులో అడగవలసి ఉండి అడగని ఆ ప్రశ్నను ఇప్పుడు మా ఇంటికి వచ్చే ప్రతివారినీ అడుగుతున్నాను.